ఇంట్లో చేసిన సబ్బు అమ్మకానికి పెట్టే ముందు: కనరు, చెమట, బూజు రాకుండా చూసుకోవడం ఎలా

మూడేళ్ల కిందట సంక్రాంతికి అమ్ముదామని అక్టోబర్‌లో 62 సబ్బులు పోశాను. డిసెంబర్ ఆఖర్లో ప్యాకింగ్‌కని తీస్తే సగానికి పైగా వాటి మీద నారింజ రంగు చుక్కలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే నెలల తరబడి మూత తీసి వదిలేసిన నూనె డబ్బా వాసన. కొన్నింటి అడుగున అయితే చుక్కలు కూడా కాదు, గీతలు, అదీ స్కేలు పెట్టి గీసినట్టు సమాన దూరంలో. ఎందుకో అర్థం కాక అరగంట చూశాక వెలిగింది. నేను ఆరబెట్టింది పాత ఫ్రిజ్‌లోంచి తీసిన కమ్మీల అర మీద. ఆ కమ్మీలకి పైపూత ఊడి తుప్పు బయటపడింది, తుప్పు తగిలిన చోటల్లా సబ్బు కనరెక్కింది. ఆర్డర్ ఇచ్చినవాళ్లందరికీ ఫోన్ చేసి డబ్బులు వెనక్కి వేశాను, అందులో ఇద్దరు మా వీధివాళ్లే, ఆ ముఖాలు చూడలేక వారం రోజులు వేరే సందులోంచి తిరిగాను.

అప్పుడు తెలిసిందేంటంటే, సబ్బు చెడిపోవడం ప్యాకింగ్ నాడు మొదలవదు, పోసిన రోజునే మొదలవుతుంది, ఇంకా చెప్పాలంటే నూనె కొన్న రోజునే. మీరు ఇప్పుడే రెండు మూడు బ్యాచ్‌లు చేసి, ఇంట్లోవాళ్లు బాగున్నాయన్నారని అమ్మకం గురించి ఆలోచిస్తున్నారా, అయితే ఒక ఆరు నెలలు ఆగండి. ఆ ఆరు నెలల్లో ఏం చేయాలో కింద రాస్తున్నాను. ఇదంతా కాస్టిక్ సోడాతో కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే పొయ్యి మీద ఉడికించకుండా నూనెల్లో కాస్టిక్ నీళ్లు కలిపి అచ్చులో పోసి చేసే బార్ సబ్బు గురించి. రెడీమేడ్ సోప్ బేస్ కరిగించి పోసే పద్ధతిలో ఈ తలనొప్పులు తక్కువ, అందులో గ్లిసరిన్ ఎక్కువ కాబట్టి గట్టిపడగానే ప్లాస్టిక్‌లో చుట్టేయడమే ముఖ్యం. లిక్విడ్ సోప్ మాత్రం పూర్తిగా వేరే కథ, అందులో నీళ్లెక్కువ, ప్రిజర్వేటివ్ సంగతి తేలకుండా అమ్మొద్దు.

ముందు, ఏది చెడిపోవడం, ఏది కాదు

సబ్బు మీద తెల్లటి పొడి పూతలా వస్తే కంగారుపడకండి, అది సోడా యాష్, పైన మిగిలిన కాస్టిక్ గాలితో కలిసి అలా అవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, సబ్బుకేం కాదు.

సబ్బు మీద మంచు బిందువుల్లా నీళ్లు చేరితే అది చెమట. సబ్బు తయారయ్యేటప్పుడు గ్లిసరిన్ దానంతటదే పుడుతుంది, అది గాల్లో తేమని లాక్కుంటుంది. మా కాకినాడలో జూన్ నుంచి నవంబర్ దాకా ఇది మామూలే. ఒకసారి నా బ్యాచ్‌లో సగం హైదరాబాద్‌లో మా వదినకి పంపాను, అవి పొడిగా ఉన్నాయి, అదే బ్యాచ్ ఇక్కడ నా బీరువాలో తడితడిగా ఉంది. వాడుకోవడానికి ఇబ్బంది లేదు కానీ పేపర్ రేపర్ అంటుకుపోతుంది, కొన్నవాళ్లు కరిగిపోయిందనుకుంటారు.

అసలు చెడిపోవడం అంటే కనరు. నారింజ లేదా గోధుమ రంగు చుక్కలు, పాత నూనె వాసన, కొన్నిసార్లు ఆ చుక్క దగ్గర జిగట. సబ్బుగా మారకుండా మిగిలిన నూనె, తొందరగా పాడయ్యే రకం నూనెలతో వచ్చిన సబ్బు, గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి ఇలా అవుతాయి. దీనికి క్రిములతో సంబంధం లేదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది చుక్కలు చూడగానే ప్రిజర్వేటివ్ కొని తెచ్చి పోస్తారు. బార్ సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది, ఆరిన సబ్బులో నీళ్లు తక్కువ, క్రిములు బతకడానికి అక్కడ పెద్దగా వీలుండదు. క్రిముల్ని ఆపే మందు ఆక్సిజన్‌ని ఆపదు. డబ్బు దండగ.

ఇక బూజు. అది సబ్బుకి రాదు, సబ్బు మీద మీరు పెట్టిన వాటికి వస్తుంది. దాని సంగతి తర్వాత.

నూనె దగ్గరే సగం పని

నూనె ఎంత తొందరగా కనరెక్కుతుందనేది అందులో లినోలిక్, లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లాలు ఎంత ఉన్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. కొబ్బరి నూనెలో ఇవి 2 శాతం దగ్గర, ఆముదంలో 4, పామాయిల్‌లో 10, వేరుశనగ నూనెలో 30 అటూఇటూ, తవుడు నూనెలో 35 దగ్గర, నువ్వుల నూనెలో 40 పైన, మామూలు పొద్దుతిరుగుడు నూనెలో 60 దాటి. అన్నీ సుమారు లెక్కలే, కానీ మన పనికి చాలు. అవిసె నూనెలో సగానికి పైగా ఉండేది లినోలెనిక్కే, అది ఇంకా తొందరగా పాడవుతుంది, దాని జోలికే పోకండి. చర్మానికి మంచిదని ఎక్కడో విన్నారని సబ్బులో పోస్తే రెండు నెలలు కూడా నమ్మకం లేదు.

మొత్తం రెసిపీలో ఈ రెండు ఆమ్లాలూ కలిపి 15 శాతం దాటకుండా చూసుకోండి. నా మొదటి రెసిపీలో పొద్దుతిరుగుడు నూనె మూడో వంతు ఉండేది, ఎందుకంటే ఇంట్లో ఉండేది అదే. ఇప్పుడు నేను చేసేది ఇది: కొబ్బరి నూనె 300 గ్రాములు, పామాయిల్ 400, వేరుశనగ నూనె 200, ఆముదం 100. లెక్కేస్తే 11 శాతం వస్తుంది. ఈ కిలో నూనె మొత్తం సబ్బు కావడానికి పట్టే కాస్టిక్ 152 గ్రాముల దగ్గర, అందులో 5 శాతం తగ్గించి 144 వేస్తాను, నీళ్లు 290. మీ నూనెలు మారితే ఈ అంకెలు పనికిరావు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే లై కాలిక్యులేటర్‌లో (ఏ నూనెకి ఎంత కాస్టిక్ కావాలో లెక్కేసి చెప్పేది) ప్రతిసారీ వేసి చూసుకోవాల్సిందే.

ఆ తగ్గించిన 5 శాతాన్నే సూపర్‌ఫ్యాట్ అంటారు, అంటే అంత నూనె సబ్బు కాకుండా చర్మానికి మెత్తదనం ఇవ్వడానికి మిగులుతుంది. కొత్తవాళ్లు మెత్తగా ఉంటుందని 8, 10 పెడతారు. ఇంట్లో నెలలో వాడేసే సబ్బుకి సరే. అమ్మే సబ్బు కొన్నవాళ్ల బాత్రూమ్ అల్మారాలో ఎన్నాళ్లుంటుందో మీకు తెలీదు, మిగిలిన నూనె ఎంత ఎక్కువైతే కనరు అంత దగ్గర. 5 దాటొద్దు.

లీటర్ ప్యాకెట్‌తో జాగ్రత్త. లీటర్ నూనె కిలో కాదు, 910 గ్రాముల దగ్గర తూగుతుంది. ప్యాకెట్ మొత్తం గుమ్మరించి కిలో అనుకుని పై లెక్కన కాస్టిక్ వేశారనుకోండి, నూనె అంతా సబ్బైపోయాక కూడా 6 గ్రాముల కాస్టిక్ మిగిలి ఒంటికి మండుతుంది. నూనెని ఎప్పుడూ కాటాలో తూచండి, కొలవకండి.

నూనె కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఎంత తక్కువకి వస్తుందన్నా తెరిచి వదిలేసిన 15 కిలోల డబ్బా అడుగు నూనె తీసుకోకండి, డబ్బా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి ఎక్కువ, ఆ అడుగున మిగిలింది అప్పటికే సగం పాడై ఉంటుంది. గానుగ నూనె వాడతానంటే మడ్డి బాగా దిగి తేరుకున్నాక పైది మాత్రమే వంపుకోండి, నెలలోపు వాడేయండి. పరీక్షకి నేను చేసేది చాలా మోటు పద్ధతి: చెంచాడు నూనె అరచేతిలో వేసుకుని వేడి పుట్టేదాకా రుద్దుతాను, వాసన చూస్తాను. చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న కనరు వాసన వేడికి బయటికొస్తుంది. ఏమాత్రం అనుమానం వచ్చినా దీపాలకి పక్కన పెట్టేస్తాను. బజ్జీలు వేయించిన నూనెతో సబ్బు చేస్తే డబ్బు కలిసొస్తుందని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లకి ఆ సబ్బు గిన్నెలు తోముకోవడానికి చేసివ్వండి, అమ్మకానికి వద్దు.

వేపనూనె గురించి ఒక మాట. దాని వాసనే అంత ఘాటు కాబట్టి సబ్బు కనరెక్కినా మీ ముక్కుకి తెలీదు. వేప సబ్బుల్ని కంటితోనే చూసుకోవాలి, వెలుతురులో తిప్పి తిప్పి.

కాస్టిక్, నీళ్లు, గిన్నెలు

కాస్టిక్ సోడా తేమని పీల్చేస్తుంది. మూత సరిగా పెట్టని డబ్బాలో పలుకులు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టాయంటే ఆ బరువులో కొంత నీళ్లదే. ఉదాహరణకి అందులో 8 శాతం తేమ చేరిందనుకుంటే మీరు 5 అనుకున్న సూపర్‌ఫ్యాట్ నిజానికి 12 దాటిపోతుంది, మీకు మాత్రం ఏం తేడా కనిపించదు, సబ్బు మామూలుగానే గట్టిపడుతుంది. మూడు నెలలకి చుక్కలు. అందుకే అరకిలో చొప్పున చిన్న డబ్బాలు కొనండి, తీసిన వెంటనే మూత బిగించండి. సింకు పైపులు శుభ్రం చేసే పొడి కొనకండి, అందులో కాస్టిక్ ఒక్కటే ఉండదు. కలిపేటప్పుడు నీళ్లలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, కిటికీలు తెరవండి, పిల్లలు బడికెళ్లిన వేళ పెట్టుకోండి.

నీళ్ల విషయంలో నేను ఏడాదిపాటు మోసపోయాను. మా బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ, బకెట్ అడుగున ఎర్రటి చార కడుతుంది, ఆ నీళ్లతోనే సబ్బులు చేసేదాన్ని. ఇనుము, రాగి లాంటి లోహాలు నూనె కనరెక్కడాన్ని బాగా వేగం చేస్తాయి, ఎంత తక్కువున్నా చాలు. డిస్టిల్డ్ వాటర్ వాడండి. బ్యాటరీ షాపుల్లో, పెట్రోల్ బంకుల్లో క్యాన్లలో దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. కొనేటప్పుడు అది ఉత్త నీళ్లేనని అడిగి తీసుకోండి, బ్యాటరీలో పోసే యాసిడ్ కూడా అక్కడే అమ్ముతారు.

గిన్నెలు స్టీలువి, లేదా దళసరి ప్లాస్టిక్. అల్యూమినియం గిన్నెని కాస్టిక్ తినేస్తుంది, పొగలొస్తాయి, అసలు తేవొద్దు. రాగి చెంబు, ఇనప గరిటె, ఇత్తడి జల్లెడ కూడా దూరం పెట్టండి.

ఇంత చేసినా ఎక్కడో లోహం కాస్త కలుస్తూనే ఉంటుంది, దాన్ని కట్టేసే చవకైన ఉపాయం నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్. కిలో నూనెకి 10 గ్రాములు ముందే నీళ్లలో కరిగించండి, తర్వాత కాస్టిక్ కొంచెం కొంచెంగా వేయండి. నిమ్మ ఉప్పు కొంత కాస్టిక్‌ని తినేస్తుంది కాబట్టి 10 గ్రాములకి 6 గ్రాముల కాస్టిక్ అదనంగా వేయాలి, అంటే నా లెక్కలో 144 కాస్తా 150 అవుతుంది. ఇది మర్చిపోతే సూపర్‌ఫ్యాట్ పెరిగిపోయి ఏ రోగానికి మందేశారో ఆ రోగమే వస్తుంది. ఇలా తయారయ్యే సోడియం సిట్రేట్ లోహాల్ని పట్టుకుంటుంది, ఉప్పు నీళ్లున్న ఊళ్లలో వాడినప్పుడు బకెట్‌కి పట్టే తెల్లటి జిడ్డు కూడా తగ్గుతుంది.

దీనికి తోడు నూనెలో రోజ్‌మేరీ ఓలియోరెసిన్, అంటే నూనె కనరెక్కడాన్ని ఆలస్యం చేసే రోజ్‌మేరీ ఆకుల చిక్కటి సారం, కిలోకి ఒక గ్రాము కలపొచ్చు. నూనె ప్యాకెట్ తెరిచిన రోజే కలపాలి, కనరెక్కిన నూనెని అది వెనక్కి తేలేదు. సువాసనకి వేసే రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్ వేరు, ఇది వేరు, పేరు చూసి అదే అనుకుని కొంటే మంచి వాసన తప్ప ఏం రాదు. విటమిన్ ఇ క్యాప్సూల్స్ కోసి పోయడం నేనూ చేశాను, వేసిన బ్యాచ్‌కీ వేయని బ్యాచ్‌కీ నాకైతే తేడా కనిపించలేదు, మానేశాను.

వంటింట్లో ఉన్నవన్నీ సబ్బులో పోయకండి

గులాబీ రేకులు సబ్బు పైన అద్దితే ఫోటోలో బ్రహ్మాండంగా ఉంటాయి. వారం తిరిగేసరికి కాస్టిక్‌కి నల్లబడతాయి, వానాకాలం వస్తే ఆ రేకులకే బూజు. పుదీనా, తులసి, వేపాకు ముద్ద లోపల వేస్తే ఆకుపచ్చ రంగు నిలవదు, గోధుమ రంగుకి తిరుగుతుంది, అది చెడిపోవడం కాదు కానీ కొన్నవాళ్లకి అలాగే కనిపిస్తుంది. పచ్చి ముద్ద బదులు నీడలో బాగా ఎండబెట్టి జల్లించిన పొడి వాడండి, కిలో నూనెకి రెండు టీస్పూన్లు చాలు. నలుగుపిండి కలపడం మన దగ్గర చాలామందికి ఇష్టం, అదీ అంతే, మెత్తగా జల్లించింది కొద్దిగా. ఎక్కువైతే పెసర రవ్వ తడికి ఉబ్బి సబ్బు పెచ్చులు లేస్తుంది.

మేకపాలు, కలబంద గుజ్జు వేయొచ్చు, కానీ నీళ్లకి అదనంగా కాదు, నీళ్ల వాటాలోంచి తగ్గించి. పాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి కాస్టిక్ మెల్లగా వేయకపోతే మాడి ముదురు నారింజ రంగొస్తుంది, అమోనియా వాసనొస్తుంది. ఇలాంటి సబ్బుల్లో చక్కెర, మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి ఎక్కువ కాలం ఆరాలి. మీ మొదటి అమ్మకం సరుకులో ఇవేవీ లేకుండా ఉంటే మంచిదని నా సలహా, సాదా సబ్బు ఆరు నెలలు నిలిచాక పాల సబ్బు గురించి ఆలోచించండి.

ఆరబెట్టడం

కోసిన సబ్బులు కనీసం ఆరు వారాలు ఆరాలి, నాలుగు అని చాలాచోట్ల చదువుతారు కానీ కోస్తాలో ఉన్నవాళ్లకి నాలుగు సరిపోవు. క్యాలెండర్ కంటే కాటాని నమ్మండి. ప్రతి బ్యాచ్‌లో రెండు సబ్బులకి గుర్తు పెట్టి ఆదివారం ఆదివారం తూచి రాయండి. నా 100 గ్రాముల సబ్బు ఆరేసరికి 88, 87 దగ్గర ఆగుతుంది. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు.

ఎక్కడ ఆరబెట్టాలంటే, ఎండలో కాదు, వంటింట్లో పొయ్యి దగ్గర కాదు, ఇనప జాలీ మీద అసలే కాదు (మా ఫ్రిజ్ కమ్మీల కథ చెప్పాను కదా). కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు బాగా పనికొస్తాయి, కింద కూడా గాలి ఆడుతుంది. న్యూస్‌పేపర్ పరిస్తే అక్షరాలు సబ్బు మీద అచ్చవుతాయి, మా ఆయన ఒకసారి సబ్బు మీద బంగారం ధర చదివాడు. వేళ్ల సందు ఖాళీ వదిలి పేర్చి వారానికోసారి తిప్పండి. వానాకాలంలో ఫ్యాన్ ఒక్కటే సరిపోదు, బయటి తడిగాలినే అది తిప్పుతుంది, తలుపులు మూసి రోజుకి కొన్ని గంటలు ఏసీ వేసిన గదిలో పెడితే చెమట బాగా తగ్గుతుంది. ఏసీ లేదంటే, నిజం చెప్తున్నా, ఆగస్టు, సెప్టెంబర్లలో అమ్మకానికి సబ్బు పోయకండి, డిసెంబర్ నుంచి మే దాకా పోసుకోండి.

చెడగొట్టి చూసుకోండి

అమ్మే ముందు చేయాల్సిన అసలు పని ఇదే, దాదాపు ఎవరూ చేయనిదీ ఇదే. ఒక రెసిపీ ఖాయం చేసుకున్నాక ఒకే బ్యాచ్‌లోంచి ఐదు సబ్బులు తీయండి. ఒకటి ఎండ పడే కిటికీలో, ఒకటి బాత్రూమ్‌లో వాడకుండా ఊరికే, ఒకటి వంటింట్లో ఫ్రిజ్ మీద, ఒకటి మీరు అమ్మాలనుకున్న ప్యాకింగ్‌లోనే బీరువాలో, ఇంకొకటి వాడుతూ. నెలకోసారి ఒకే తేదీన ఫోటో తీయండి, వాసన చూడండి. వాసన మీరే చూడొద్దు, రోజూ సబ్బుల మధ్య తిరిగే ముక్కుకి తెలీదు, ఇంట్లో ఇంకెవర్నైనా పిలవండి. మా అత్తయ్యగారిని పిలిస్తే ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణంలో "ఇది పోయిందమ్మాయ్" అనేస్తారు, చుక్క కనపడక ముందే.

కిటికీలోది ముందు చెడుతుంది, కంగారుపడకండి, అది చెడాలనే అక్కడ పెట్టాం. మూడో నెలలోపే చుక్కలొస్తే రెసిపీలో నూనె మార్చాలి. ప్యాకింగ్‌లో ఉన్నది ఆరు నెలలు శుభ్రంగా ఉంటే అమ్మడం మొదలుపెట్టొచ్చు, మిగిలిన సబ్బుల్ని ఏడాది దాకా అలాగే ఉంచండి, రేపర్ మీద ఎన్నాళ్లలోపు వాడాలని వేస్తారో దానికి మీ దగ్గర రుజువు అదే.

పక్కనే ఒక నోట్‌బుక్. ఏ రోజు పోశారు, ఏ నూనె ఏ షాపులోది, దాని తయారీ తేదీ, కాస్టిక్ డబ్బా ఎప్పుడు తెరిచారు, ఆ రోజు వానా ఎండా. బ్యాచ్ నంబర్ సబ్బు రేపర్ మీద, నోట్‌బుక్‌లో ఒకటే ఉండాలి. ఎవరైనా ఫోన్ చేసి వాసనొస్తోందంటే ఐదు నిమిషాల్లో ఏ నూనెదో తేలాలి, ఆ నూనెతో చేసిన మిగతా సబ్బులన్నీ అదే రోజు ఆపేయాలి.

ప్యాకింగ్, కాగితాలు

పూర్తిగా ఆరకముందు ప్లాస్టిక్‌లో బిగించి చుట్టకండి, లోపల తడి ఎక్కడికీ పోదు. ఆరాక వానాకాలంలో అయితే ష్రింక్ ర్యాప్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ పొర) మేలు, తేమ లోపలికి రాదు. పొడి నెలల్లో బటర్ పేపర్, అట్టపెట్టె చాలు. పెట్టె మీద వేసే బరువు ప్యాక్ చేసే రోజు తూచిందే వేయండి, కోసిన రోజు 100 ఉందని 100 అని ముద్రిస్తే కొన్నవాళ్లకి 12 గ్రాములు తక్కువ ఇచ్చినట్టే, తూనికలు కొలతల శాఖవాళ్లు వస్తే జవాబు చెప్పలేరు. నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ నెల, మీ పేరు, చిరునామా ప్యాకెట్ మీద ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తున్నాయి.

ఇంకొకటి, ఒంటి సబ్బు మన దేశంలో చట్టప్రకారం కాస్మెటిక్ కిందికి వస్తుంది. అమ్మకానికి తయారు చేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ నుంచి లైసెన్స్ తీసుకోవాలి. ఇంట్లో నాలుగు చేసి చుట్టాలకి ఇవ్వడం వేరు, ఇన్‌స్టాలో రేటు పెట్టి అమ్మడం వేరు. టెన్షన్ పడక్కర్లేదు, లైసెన్స్ ఉన్న యూనిట్‌లో మీ రెసిపీ చేయించుకునే దారి కూడా ఉంది, కానీ ముందు మీ జిల్లా ఆఫీసులో అడిగి రాండి, ఈ ఆరు నెలల పరీక్ష నడుస్తుండగానే.

చుక్కలొచ్చిన సబ్బులేం చేయాలంటే, తురిమి కొత్త బ్యాచ్‌లో కలపొద్దు, దాన్లోని కనరు కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. చుక్కున్నంత మేర చెక్కేసి అమ్మొద్దు, లోపల ఉన్నది మళ్లీ పైకొస్తుంది. ఇంట్లో గిన్నెలకి, ఫ్లోర్ తుడిచే గుడ్డలు ఉతకడానికి వాడేయండి. నా 62లో ఇంకా తొమ్మిది మిగిలాయి, గడపలు కడిగేటప్పుడు ఒక్కోటి తీస్తున్నాను.